మనవారి విడుదల కొరకు మనము చేయు ప్రార్థన



వారపు ప్రార్థన కూటమునకు ముందు మనవి చీటీలు పోగుచేయుట మన సంఘములలో పాత వాడుక. బరంపురములోనైనను షోలాపురములోనైనను, చెన్నపట్టణములోనైనను యానాములోనైనను, తెలుగు విశ్వాసులు నలుగురు కూడిన చోట ఒక చిన్న డబ్బా, దానిలో మడతపెట్టిన కాగితపు ముక్కలు ఉండును. మేమిక్కడ కోలారు గనుల ప్రాంతమందలి సంఘములో చాల ఏండ్లుగా ఆ ముక్కలను విప్పి పైకి చదువు పనిలో ఉన్నాము. మా అబ్బాయికి త్రాగుడు నుండి విడుదల. మా అల్లునికి అప్పుల నుండి విడుదల. మా తమ్మునికి కోర్టు కేసు నుండి విడుదల. మా అమ్మకు కాలి పుండు నుండి విడుదల. తన పేరు తానే వ్రాసికొనువారు తక్కువ. మనవారు తమ కష్టమునైతే దాచుకొందురు గాని తమ బిడ్డల కష్టమును దాచుకొనలేరు.

విడుదల అను మాటను కూడ గమనింపవలెను. చెరసాల నుండి బయటికి వచ్చినను, రోగము నుండి లేచినను, బాకీ తీరినను, పాపము విడిచినను మనకు ఒక్కటే మాట. (సినిమాలకు కూడ అదే మాట వాడుచున్నారు, అది వేరు సంగతి.) మాట ఒక్కటేగాని ఈ నాలుగు సంగతులు ఒక్కటి కావు. రోగి తన విడుదలను కోరును, ఖైదీ కోరును. త్రాగువాడు తెల్లవారి కోరును, ప్రొద్దు గూకిన తరువాత కోరడు. తానే కోరనివాని కొరకు మనము దేవుని అడుగుట ఎట్లు?

ఈ ప్రశ్నను మాకంటె బాగుగా ఒక సహోదరి అడిగినది. ఆమె కుమారుని పేరు మా డబ్బాలో ఎన్ని వారములు వచ్చెనో లెక్కలేదు. ఒకనాడు ఆమె, “మాస్టరుగారూ, మావాని సంగతి నేను చెప్తేగాని దేవునికి తెలియదా? తెలిసి కూడా నేను అడిగేదాకా ఊరకుంటాడా? అట్లయితే వానిమీద ఆయనకన్న నాకే ప్రేమ ఎక్కువన్నమాట కదా?” అన్నది. ప్రక్కనున్న పెద్దలొకరు ఇది అవిశ్వాసపు మాట అని గద్దించిరి. మేమట్లు తలంచలేదు. పదేండ్లు మోకాళ్లమీద ఉన్న మనిషికే ఇటువంటి ప్రశ్న పుట్టును. ఏనాడును అడుగనివానికి దేవుడు ఆలస్యము చేయుచున్నాడను బాధ ఎందుకుండును?

మేము ఉపాధ్యాయ శిక్షణకు పోయిన దినములలో మొదట నేర్పిన వాటిలో ప్రశ్న వేయు పద్ధతి ఒకటి. బడిలో పంతులు వేయు ప్రశ్నలలో చాలమట్టుకు ఆయనకు జవాబు తెలిసినవే. ఏడు ఎనిమిదులు ఎంత అని పిల్లవానిని అడుగుట పంతులు తెలిసికొనుటకు కాదు, పిల్లవాడు నోరు తెరచుటకు. మార్కు సువార్త 10వ అధ్యాయములో బర్తిమయి గ్రుడ్డివాడని కన్నులున్న ప్రతివాడును చూచుచునే యున్నాడు. అయినను ప్రభువు అతనిని దగ్గరకు పిలిపించి నీకేమి కావలెనని అడిగెను. భిక్షగాడు గనుక డబ్బు అడుగవచ్చును, అడుగుట అలవాటైనవాడు. అతడు చూపు అడిగెను. ఆ ప్రశ్న లేకపోతే తనకు నిజముగా ఏమి కావలెనో అతడు తన నోట పలికియుండడు. కాబట్టి అడిగించుట తెలియక కాదు, ప్రేమ తక్కువై కాదు. ఇంకొక సంగతి. రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయములో, మనకు ఎట్లు ప్రార్థింపవలెనో తెలియనప్పుడు ఆత్మయే మన పక్షమున విజ్ఞాపన చేయుచున్నాడని పౌలు చెప్పియున్నాడు. అట్లయిన యెడల ఆ తల్లి దేవునికి లేని ప్రేమను ఆయనలో పుట్టించుటలేదు. ఆయనకున్నదే ఆమెలో ఏడ్చుచున్నది.

అయితే ఈ జవాబు మనలను సగము దూరమే తీసికొనిపోవును. బర్తిమయి తన కొరకు తానే కేకవేసెను. తల్లి విషయములో కేకవేయువారు ఒకరు, చూపు లేనివారు మరియొకరు. మనవారిలో చాలమంది ఇక్కడ కపెర్నహూములోని పక్షవాయువు గలవానిని జ్ఞాపకము చేయుదురు. నలుగురు మోసికొనివచ్చి, గుంపువలన త్రోవ దొరకక, ఇంటికప్పు విప్పి దించిరి గదా. వారి విశ్వాసము చూచియే గదా ప్రభువు పలికెను అందురు. నిజమే. అయితే అతడు నడువలేనివాడు, ఈ కుమారునికి మంచి కాళ్లు ఉన్నవి. ఆ కాళ్లతోనే ప్రతి సాయంత్రము బ్రాందీ షాపునకు పోవుచున్నాడు. వానిని మంచమువలె పట్టుకొని కప్పులోనుండి దించలేము. దేవుడును అట్లు దించడు. మనుష్యుని చిత్తమును విరిచి రక్షించుట ఆయన పద్ధతియైతే ఏదేనులోనే ఆ చెట్టుచుట్టు కంచె వేయించియుండును.

ఇచ్చట అగస్టీను తల్లి మోనికా చరిత్ర మనకు చాల ఉపయోగము. అగస్టీను క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగస్తె పట్టణమున, నేటి అల్జీరియా దేశములో, పుట్టెను. చదువరి, మాటకారి. తల్లి విశ్వాసమును విడిచి మానికేయుల మతములో చేరి, వివాహము లేకుండ ఒక స్త్రీతో కాపురముండెను. మోనికా అతని కొరకు ఏండ్ల తరబడి ఏడ్చి ప్రార్థించెను. 383లో అతడు కార్తేజి రేవునుండి రోముకు ఓడ ఎక్కనుండగా ఆమె వదలక వెంటపడెను. ఒక మిత్రుని సాగనంపుచున్నానని తల్లికి అబద్ధము చెప్పి, ఆమె ఆ రాత్రి దగ్గరనున్న ప్రార్థనా స్థలములో ఉండగా అతడు ఓడ ఎక్కి వెళ్లిపోయెను. ఆ రాత్రి ఆమె చేసిన ప్రార్థన ఏమి? నా కుమారుని పోనియ్యకుము అని. దేవుడు పోనిచ్చెను. అతడు రోమునుండి మిలాను పోయెను. మిలానులో బిషపు అంబ్రోసు ప్రసంగములు వినెను. 386లో మారుమనస్సు పొంది 387లో ఈస్టరు పండుగనాడు అంబ్రోసు చేతనే బాప్తిస్మము పొందెను. ఆ రాత్రి ప్రార్థన ఆమె అడిగినట్లు నెరవేరియుంటే, ఎన్నో ఏండ్ల ప్రార్థన నెరవేరిన త్రోవ మూతపడెడిది. ఈ సంగతిని అగస్టీనే తన ఒప్పుకోలు గ్రంథములో చెప్పుకొనియున్నాడు.

ఈ చరిత్ర చెప్పి “చూచితిరా, ఆలస్యమైనను తప్పక జరుగును” అని ముగించు ప్రసంగికులు ఉన్నారు. మేమంత దూరము పోలేము. మోనికా కుమారుడు వచ్చెను గనుక ఆమె పేరు మనకు తెలిసినది. రాని కుమారుల తల్లులు ఎందరో, వారి పేర్లు ఎవరును వ్రాయలేదు. ఈ చరిత్రలో మేము గ్రహించినది వేరు. ఏమి కావలెనో అడుగుటకు మనకు చనువున్నది, ఏ త్రోవన రావలెనో చెప్పుటకు లేదు. రెండవది, ఒక బిషపు మోనికాతో, ఇప్పుడు వానితో వాదింపవద్దు, వాడు వినడు, దేవునితోనే చెప్పుకొనుమని సలహా ఇచ్చెను. మన ఇండ్లలో దీనికి తలక్రిందులుగా జరుగుచున్నది. రాత్రి పది గంటలకు కొడుకు తూలుచు వచ్చును. వెంటనే తల్లి మోకరించి, ప్రక్క గదికి వినబడునట్లు, ప్రభువా ఈ త్రాగుబోతును మార్చుము, వీడు తండ్రి పరువు తీయుచున్నాడు అని ప్రార్థించును. అది దేవునికి చేరవేసిన మనవి కాదు, దేవుని పేరుతో కొడుకును తిట్టుట. వానికి ఆ సంగతి తెలియును. అందుకే వాడు ప్రార్థన అను మాటనే అసహ్యించుకొనుచున్నాడు.

ప్రార్థించి చేతులు కట్టుకొనువారిని గూర్చి కూడ కొంచెము చెప్పవలసియున్నది, అయితే బాప్తిస్టులకు ఇది క్రొత్త పాఠము కాదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జువెట్టుదొరయు ఆయన భార్యయు కొందరు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండమీద ప్రార్థించిన సంగతి మన పిల్లలకు కూడ తెలియును. ఒంగోలునకు క్లౌదొర కాపురము వచ్చినది 1866లో. పండ్రెండేండ్లు పట్టినది. తరువాత 1876 మొదలు 1878 వరకు ధాత కరువు వచ్చి జనులు చచ్చుచుండగా క్లౌదొర ప్రార్థనతో నిలువలేదు. బకింగుహాము కాలువలో కొంత భాగము త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. అంతేకాదు, తిండి కొరకు మతములో చేరిరను మాట రాకుండ కరువు కాలమంతయు బాప్తిస్మములు ఆపివేసెను. కూలిపని ముగిసిన తరువాతనే 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఆ ఆపుటలో గొప్ప నీతి ఉన్నది. ఆకలితో ఉన్నవాని చిత్తమును అన్నము చూపి కొనరాదని ఆయన ఎరిగెను. మన దినములకు వచ్చినచో, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుటకు కూడిన స్త్రీలు ఊరి సారా దుకాణము మూయించిరి. అది జిల్లాలు దాటి పోయి 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధము తెచ్చినది. ఆ స్త్రీలు తమ భర్తల కొరకు గుడులలోను మసీదులలోను దేవాలయములలోను మ్రొక్కియే యుందురు, అయితే పలక కూడ పట్టిరి. మేము పైన చెప్పిన సహోదరితో కూడ, అమ్మా, త్రాగుడు పాపము మాత్రమే కాదు, జబ్బు కూడ, బెంగళూరు నిమ్హాన్సులో దానికి చికిత్స ఉన్నది, వాని వెంట ఒకరము వచ్చెదమని చెప్పితిమి. రెండు పర్యాయములు వెళ్లివచ్చినాడు. ఇంకను పూర్తిగా మానలేదు.

ఇక మమ్మును అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతికి వచ్చుచున్నాము.

మా ఊరి గనులు 1880 తరువాత పెద్ద ఎత్తున సాగి 2001 ఫిబ్రవరి 28తో మూతపడినవి. చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లకు మించినది. అంత లోతున రాతిమీద భారము పట్టలేక ఒక్కొక్కమారు బండ పగిలిపోవును. దానిని ఎయిర్ బ్లాస్టు అనెడివారు. పైన మా ఇండ్లలో పాత్రలు గలగలలాడును. వెంటనే లైన్లలోని ఆడవారు చేతిలోని పని వదలి షాఫ్టు వద్దకు పరుగెత్తెడివారు. మేము చిన్నతనమున వారి కొంగులు పట్టుకొని నిలిచినవారమే. తెలుగువారు, తమిళులు, హిందువులు, క్రైస్తవులు, తురకలు అందరు ఒక్కచోట నిలిచి, ఎవరి దేవుని వారు పిలిచెడివారు. ఎవరు దెబ్బతినిరో పేర్లు పైకి రావలెను. పేర్లు వచ్చువరకు ప్రతి స్త్రీ ప్రార్థన ఒక్కటే: నా భర్త కాకూడదు.

ఆ ప్రార్థనను మేము తరువాత ఎన్నోమార్లు తలపోసితిమి. ఆమె ప్రార్థించు సమయమునకు బండ పడియేయున్నది. ఎవరిమీద పడవలెనో వారిమీద పడినది. ఇప్పుడు నా భర్త కాకూడదు అనుటకు అర్థమేమి? ప్రక్కన చెయ్యి పట్టుకొని నిలిచిన పొరుగింటామె భర్త కావలెననియా? లెక్కకు తీసికొంటే అంతే వచ్చును. అట్లయితే మనవారి విడుదల కొరకు మనము చేయు ప్రార్థన ఇంకొకరి కీడు కొరకైన ప్రార్థనయా?

మా మట్టుకు మేము ఆ స్త్రీలయందు తప్పెన్నము. కేకకు లెక్క తెలియదు. గెత్సేమనేలో మన ప్రభువు కూడ ఆ గిన్నె తొలగింపుమని మొదట అడిగి, ఆ తరువాతనే తండ్రి చిత్తమునకు అప్పగించుకొనెను. మొదటిమాటను ఆయన మ్రింగివేయలేదు. తప్పు షాఫ్టు వద్ద లేదు. తప్పు తరువాతి ఆదివారము మందిరములో ప్రవేశించును. భర్త క్షేమముగా పైకి వచ్చిన స్త్రీ లేచి, మేము ఉపవాసముండి ప్రార్థించితిమి, దేవుడు మా మొర వినెను, అందుకే మావారిని కాపాడెను అని సాక్ష్యము చెప్పును. అదే బల్లమీద తెల్లచీర కట్టుకొని కూర్చున్న స్త్రీకి ఆ మాట ఎట్లు వినబడును? నీవు సరిగా ప్రార్థింపలేదు అని వినబడును. ఆమె కూడ అదే షాఫ్టు వద్ద, అదే మాటతో, అంతే కన్నీళ్లతో ప్రార్థించినది.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయము ఈ బల్లను గూర్చియే వ్రాయబడినట్లున్నది. హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించెను. తరువాత పేతురును పట్టి చెరసాలలో వేయించెను. సంఘము ఆసక్తితో ప్రార్థించెను, దూత వచ్చి పేతురును విడిపించెను. మనము ఈ అధ్యాయమును పేతురు దగ్గరనుండి చదువుచున్నాము. రొదే తలుపు తీయక సంతోషముతో లోపలికి పరుగెత్తిన సంగతి చెప్పి పిల్లలను నవ్వించుచున్నాము. అయితే యాకోబు కొరకు ఆ సంఘము ప్రార్థింపలేదని ఎవరు చెప్పగలరు? అతని తమ్ముడు, సహ అపొస్తలుడు అయిన యోహాను వారిలోనివాడే. ఒక్క హేరోదు, ఒక్క సంఘము, ఒక్క దేవుడు, ఇద్దరు మనుష్యులు. ఒకడు కత్తిపాలు, ఒకడు చెరనుండి బయటికి. కారణము లూకా వ్రాయలేదు. లూకా వైద్యుడు, కారణములు వెదకు అలవాటు గలవాడు. ఆయనయే వ్రాయనప్పుడు సాక్ష్యము చెప్పు మనకు అందుకే అను మాట ఎక్కడనుండి వచ్చినది? వందనములు చెప్పుదము, కావలసినంత గట్టిగా చెప్పుదము. కారణము మాత్రము చెప్పకుందము.

అదే అధ్యాయములో ఇంకొక వచనమున్నది, పంతొమ్మిదవది. దానిమీద ప్రసంగము మేమెన్నడును వినలేదు. తెల్లవారిన తరువాత పేతురు కనబడలేదు. హేరోదు కావలివారిని విచారించి, వారిని చంపుటకు తీసికొనిపొమ్మని ఆజ్ఞాపించెను. నలుగురేసి సైనికులు నాలుగు జట్లు కావలియుండిరి. వారు జీతమునకు పనిచేయువారు. నిద్రలో వారికేమి జరిగెనో వారికే తెలియదు. వారికిని తల్లులుండిరి. సంఘము చేసిన ప్రార్థన తప్పు కాదు, పేతురు తప్పించుకొనుట తప్పు కాదు, చంపించినవాడు హేరోదు. అయినను మరియ ఇంటిలో సంతోషించుచున్నవారికి మధ్యాహ్నమునకు ఆ కబురు వచ్చియుండును. వారేమి చేసిరో మనకు తెలియదుగాని, మనమైతే ఆ కావలివారి ఊసే ఎత్తము.

దీనికి విరుగుడు అబ్రాహాము ప్రార్థనలో మాకు కనబడినది. ఆదికాండము 18వ అధ్యాయములో సొదొమకు నాశనము రానున్నదని అతడు ఎరిగెను. ఆ ఊరిలో తన సహోదరుని కుమారుడు లోతు, అతని భార్య, కుమార్తెలు ఉన్నారు. మనమైతే ఏమి అడుగుదుము? ప్రభువా, మావానిని బయటికి తెమ్ము అందుము. అబ్రాహాము లోతు పేరే ఎత్తలేదు. ఏబదిమంది నీతిమంతులుంటే ఊరంతటిని విడువవా అని మొదలుపెట్టి, కూరగాయల బజారులో బేరమాడినట్లు నలుబదియైదు, నలుబది, ముప్పది, ఇరువది అనుచు పదికి దించెను. తనవాని మీదనున్న ప్రేమ అతనిని ఊరంతటి దగ్గరకు నడిపించినది. ఊరు నిలువలేదు. అయితే 19వ అధ్యాయము 29వ వచనములో, దేవుడు అబ్రాహామును జ్ఞాపకము చేసికొని లోతును తప్పించెనని ఉన్నది. అడుగని పేరు జ్ఞాపకములో ఉన్నది.

గనులు మూసిన తరువాత మా పిల్లలు షాఫ్టు దిగుటలేదు. తెల్లవారక మునుపే మారికుప్పం నుండి బెంగళూరు రైలెక్కి పోవుచున్నారు, రాత్రికి వచ్చుచున్నారు. కొందరు వారములకొద్ది రారు. చీటీలు తగ్గలేదు, పెరిగినవి. కొంతకాలము క్రిందట మేము, మా సంఘ పెద్దలు కలిసి ఆ చీటీలను అచ్చు గీతలతో కోయించితిమి. మొదటి గీతమీద మీవారి పేరు. రెండవ గీతమీద వేరొక ఇంటివారి పేరు, అదే కష్టములో ఉన్నవారిది. వారు మన సంఘమువారే కానక్కరలేదు. మొదట కొందరు దీనిని అనవసరమనిరి. మా ఇంటి బాధకే రాత్రి చాలదు, ఇతరులది ఎక్కడ మోయుదుము అనిరి. అందులో నిజము లేకపోలేదు, కాబట్టి బలవంతము పెట్టలేదు. పైన చెప్పిన సహోదరి ఆరు వారములు రెండవ గీత ఖాళీగా ఉంచినది. ఏడవ వారము ఆమె చీటీ విప్పగా కుమారుని పేరు క్రింద ఇంకొక పేరున్నది. వానిని రోజును షాపునకు పిలుచుకొనిపోవు స్నేహితునిది. మేము రెండు పేర్లును చదివి, తరువాతి చీటీ తీసితిమి.